బాటసారి భోజనము

భద్రాచల యాత్రకు రైలులో వచ్చేవారు కొత్తగూడెములో దిగుతారు. ఆ స్టేషను పేరు మాత్రము భద్రాచలం రోడ్. అక్కడినుండి పాల్వంచ మీదుగా, సారపాక దాటి, గోదావరి వంతెన ఎక్కేవరకు సుమారు 40 కిలోమీటర్ల బాట. దారి పొడుగునా భోజనశాలల బోర్డులు చదువుకొంటూ పోతే ప్రయాణము తెలియదు. ఒకచోట ఇడ్లీ, దోసె, మైసూరు బజ్జీ. ఇంకొకచోట ముద్దపప్పు, గోంగూర, గడ్డ పెరుగుతో విస్తరి భోజనము. ఆ ప్రక్కనే హైదరాబాదు బిర్యానీ. లారీలు ఆగేచోట తందూరీ రొట్టె, పప్పు. సాయంకాలమైతే పెనము మీద జొన్నరొట్టె. వంతెన దాటి అడవి దగ్గరపడేసరికి పచ్చి వెదురుగొట్టములో కాల్చిన కోడికూర. ఒక్క బాట మీద అయిదారు ప్రాంతముల వంటలు, అవి కూడ సామాన్యుని జేబుకు అందే ధరలలో.

కొద్దిపాటి డబ్బు గల మనిషి, తనకు చుట్టముకాని వాని ఇంట, కులమేదో తెలియని వంటవాని చేతివంట, తనకు నచ్చినది అడిగి తిని, డబ్బిచ్చి, చెయ్యి కడుగుకొని తన దారిన తాను పోవచ్చును. ఈనాడు ఇందులో మనకు వింత ఏమియు కనిపించదు. కాని మన పెద్దలకు ఇది అంత సులభముగా లభించిన సౌకర్యము కాదు. ఈ పీట మీద కూర్చొనే హక్కు కొందరికి ముందు, కొందరికి వెనుక వచ్చినది. కొందరికి చట్టము వచ్చిన తరువాత కూడ పూర్తిగా రాలేదు. ఆ కథ చెప్పుకొనుటకు ఖమ్మము నుండి భద్రాచలపు అడవుల దాకా పోయే ఈ దారి తగిన చోటు.

పూర్వము బాటసారికి భోజనమునకు మూడు మార్గములు ఉండేవి. మొదటిది సద్దిమూట. ఇంటినుండి కట్టుకొని వచ్చిన పెరుగన్నమో, అటుకులో, రొట్టెలో చెరువు గట్టున చెట్టునీడను విప్పుకొని తినుట. అది ఒక దినమునకో రెండు దినములకో సరిపోతుంది. రెండవది చుట్టరికము. దారిలో బంధువులు ఉండవలెను, ఉన్నా వారికి మన రాక భారము కాకుండవలెను. మూడవది సత్రము. ధర్మాత్ములు పెట్టిన అన్నము, ఆదుకొనే అన్నము. కాని సత్రములు అన్ని ఊళ్ళలోను ఉండవు, ఉన్నచోట అవి అందరికీ ఉండవు. పైగా సద్ది తిన్నవాడు ఉన్నదానితో సరిపెట్టుకొంటాడు. చుట్టము ఇంట తిన్నవాడు మొహమాటపడతాడు. సత్రములో తిన్నవాడు పెట్టినది కళ్ళకద్దుకొంటాడు. “నాకు ఇది కావలెను” అని అడుగగల చోటు ఈ మూడింటిలో ఒక్కటియు కాదు.

ఆ చోటు నాలుగవది. దానిని తెలుగువారు పూటకూళ్ళ ఇల్లు అన్నారు. పూటకు ఇంత అని పుచ్చుకొని కూడు పెట్టే ఇల్లు. ఈ పేరులో ఆడంబరము లేదు. దాని చరిత్ర మాత్రము పాతది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన “క్రీడాభిరామము” కాకతీయుల ఓరుగల్లును కళ్ళకు కట్టినట్లు చూపే కావ్యము. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు పట్టణమంతా తిరుగుతారు. ఆకలి వేసినప్పుడు వారి ప్రస్తావనకు వచ్చేది లక్ష్మణవజ్ఝల వారి ఇల్లు. అక్కడ ఒక్క రూకకు దొరికే పదార్థముల పట్టిక కవి ఇచ్చినాడు. కర్పూరభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పదార్థములు, గడ్డ పెరుగు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”లో మన పూర్వుల తిండితిప్పలను వివరించుటకు ఇటువంటి పద్యములనే ఆధారము చేసుకొన్నారు. రాజుల విందులను వర్ణించిన కవులు చాలమంది ఉన్నారు. ధర చెప్పి భోజనమును వర్ణించుట అరుదు. ధర చెప్పుటతోనే ఆ భోజనము రాజుది కాదు, బజారులో నడిచే మనిషిది అయినది.

అయితే ఆ మిత్రులలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వైశ్యుడు. వారికి ఆ ఇంట పీట దొరికినది. ఆ పట్టణమునకు నీరు మోసినవారికి, రాయి కొట్టినవారికి, కోట గోడలు కట్టినవారికి ఆ పంక్తిలో చోటు లేదు. పూటకూళ్ళ ఇంట డబ్బుకు విలువ వచ్చినది గాని, పంక్తి కట్టుబాటు తొలగలేదు. చేతిలో రూక ఉండుట ఒకటి, దానిని తీసుకొనేవారు ఉండుట మరొకటి. తరువాతి ఆరు వందల ఏండ్ల కథ అంతా ఈ రెంటికి మధ్య నడిచినది.

ఓరుగల్లు నుండి తూర్పుగా గోదావరి దాకా వస్తే కథ మారుతుంది. పదునేడవ శతాబ్దిలో పాల్వంచ పరగణా తహసీల్దారైన కంచెర్ల గోపన్న భద్రాద్రిపై రామునికి ఆలయము కట్టించినాడు. సర్కారు పైకము వాడినాడని తానీషా కాలములో గోలకొండ చెరలో ఉన్నాడు. ఆలయము వెలసిన తరువాత అడవి అంచున ఉన్న ఈ ఊరికి దూరదేశముల నుండి యాత్రికులు రాసాగినారు. దిగువనుండి రాజమహేంద్రవరము మీదుగా పాపికొండల నడుమ పడవలలో వచ్చేవారు కొందరు. ఎగువనుండి బండ్ల మీద, కాలినడకను వచ్చేవారు కొందరు. వారికి ఆధారము సత్రములే. పందొమ్మిదవ శతాబ్దిలో తూము నరసింహదాసుగారి వంటి భక్తులు ఇక్కడ స్వామి కైంకర్యములకు తమ జీవితమునే ధారపోసినారు. అదే గోదావరి దిగువను, కోనసీమలోని లంకల గన్నవరములో, డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవారికి కూడ అన్నము పెట్టి కీర్తి పొందినారు. గోదావరి పొడుగునా అన్నదానమునకు ఇంత గౌరవము ఉండుటకు కారణము ఉన్నది. నది పొంగితే పడవ కదలదు. ప్రయాణికుడు ఎన్ని దినములు ఎక్కడ చిక్కుకొనునో చెప్పలేము.

అన్నదానము పుణ్యము. పూటకూళ్ళు జీవనోపాధి. లోకము మొదటిదానికి చేతులెత్తి మ్రొక్కినది, రెండవదానిని కొంత చులకనగా చూచినది. ఆ చులకనను, దాని వెనుకనున్న కష్టమును గురజాడ అప్పారావుగారు కనిపెట్టినారు. 1892లో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయిన “కన్యాశుల్కము”లో పూటకూళ్ళమ్మ అనే పాత్ర ఉన్నది. ఆమెకు నాటకములో వేరే పేరు లేదు. చేసే పనియే పేరు. ఇంగ్లీషు చదివిన గిరీశము ఆమె అన్నము తిని, ఆమెనే మోసగించినాడు. ఆమె చీపురుకట్ట పట్టుకొని వెదకుకొంటూ వచ్చిన ఘట్టమునకు ప్రేక్షకులు నేటికీ నవ్వుతారు. నవ్విన తరువాత ఒక్క క్షణము ఆలోచించవలెను. భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో వాటా చెప్పే చట్టము 1937 దాకా రాలేదు. అటువంటి ఒంటరి స్త్రీకి తెలిసిన విద్య వంట. ఆ విద్యను పూటకు ఇంత అని అమ్ముకొని ఎందరో తమ కాళ్ళ మీద తాము నిలిచినారు, బిడ్డలను చదివించుకొన్నారు. మన హోటళ్ళ చరిత్ర వ్రాయదలచినవారు మొదటి పుటలో పెట్టవలసినది ఈ పేరులేని తల్లులనే.

ఇక రైలు వచ్చినది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించినాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందినది. 1889లో అక్కడ బొగ్గు త్రవ్వకము ఆరంభమైనది. ఆ ఏడే నిజాము రైలుమార్గము ఖమ్మము మీదుగా బెజవాడను చేరినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. తరువాత కొత్తగూడెము గనుల పట్టణమైనది. ఈ నాలుగైదు వాక్యములలో చెప్పిన సంగతులు తిండి విషయములో తెచ్చిన మార్పు చాల పెద్దది. అంతవరకు ఊరు విడిచి వచ్చేవాడు యాత్రికుడు, వర్తకుడు లేక ఉద్యోగి. ఇప్పుడు కూలివాడు వచ్చినాడు. భార్యాబిడ్డలను ఊళ్ళో విడిచి, పలు ప్రాంతములనుండి, పలు కులములనుండి, పలు భాషలనుండి వచ్చినాడు. వానికి గనిలో దిగే వేళకు తిండి కావలెను, పైకి వచ్చే వేళకు తిండి కావలెను. సూర్యుని బట్టి వండే ఇంటి పొయ్యి వానికి సరిపోదు. షిఫ్టును బట్టి మండే పొయ్యి కావలెను. గని ముందర టీ కొట్టు, దాని ప్రక్కన పూరీల మూకుడు, ఆ ప్రక్కన మాంసాహారము దొరికే మిలిటరీ హోటలు వెలసినది ఈ అవసరము వలననే. భూమిలోపల అందరి ముఖములకు ఒకే నల్లరంగు పులుముకొని పైకి వచ్చిన మనుషులను ఎవరెవరని విడదీసి కూర్చోబెట్టుట హోటలు వానికి కష్టమే.

ఖమ్మమునకు మరొక విశేషము కలదు. అది రెండు రుచుల నడుమ ఉన్న ఊరు. బెజవాడ వైపునుండి కాఫీ, ఇడ్లీ, సాంబారు వచ్చినవి. వీటి వెనుక ఉడిపి వంటవారి శ్రమ ఉన్నది. శ్రీకృష్ణ మఠపు క్షేత్రమునుండి బయలుదేరిన ఆ వంటవారు దక్షిణదేశమంతటా శుచిగా, చౌకగా, త్వరగా ఫలహారము పెట్టే పద్ధతిని నెలకొల్పినారు. వారిలో ఒకరైన కృష్ణారావుగారు 1938లో మద్రాసులో ప్రారంభించిన వుడ్‌లాండ్స్ హోటలు పేరు తెలుగుదేశములోను మారుమ్రోగినది. హైదరాబాదు వైపునుండి ఇరానీ చాయ్, బన్ను, సమోసా, బిర్యానీ వచ్చినవి. పర్షియా దేశమునుండి వచ్చిన ఇరానీలకు మన కులముల పట్టింపు లేదు. వారి పాలరాతి బల్ల ముందు గుమాస్తా, రిక్షావాడు, కవి, కార్మికనాయకుడు ఒకే కప్పు చాయ్ మీద గంటసేపు కూర్చొనవచ్చును. ఖమ్మము బజారులో ప్రొద్దున కాఫీ, సాయంకాలము చాయ్ త్రాగేవాడు తనకు తెలియకుండానే రెండు చరిత్రలను పుచ్చుకొంటున్నాడు.

కాని కాఫీ హోటలు వచ్చినంతనే పంక్తిభేదము పోలేదు. “బ్రాహ్మణ కాఫీ హోటల్” అనే బోర్డులు ఎన్నో ఊళ్ళలో వ్రేలాడినవి. రైల్వే ఫలహారశాలలలో సైతము వేరువేరు గదులు ఉండేవి. ఒకే రైలులో ఒకే బల్ల మీద ప్రయాణము చేసినవారు, స్టేషనులో దిగి వేరువేరు గుమ్మములలో ఇడ్లీ తిన్నారు. పల్లెలలో సంగతి ఇంకను కఠినము. హరిజనునకు టీ దుకాణము వెలుపల వేరే గ్లాసు. తాగినవాడే కడిగి పెట్టవలెను. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ (1888–1939) వంటివారు ఆత్మగౌరవమును బోధించినారు. గాంధీజీ హరిజనోద్యమ కాలములో సంస్కర్తలు ఊరూర సహపంక్తి భోజనములు జరిపించినారు. ఆ భోజనములకు వెళ్ళినవారిని ఇంట్లోకి రానీయని పెద్దలున్నారు. ఒక ముద్ద అన్నమునకు ఎంత బలము కలదో ఆ తగాదాలు చూచినవారికి తెలుసును.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగము తన 15వ అధికరణములో దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను పేరు పెట్టి చెప్పినది. మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు అనే కారణములతో ఏ పౌరునికీ అక్కడ ప్రవేశము నిరాకరింపరాదు. ఒక దేశపు మూలశాసనములో హోటలు ప్రస్తావన ఎందుకని అడుగువారు పై చరిత్ర తెలియనివారు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. 1976లో సవరణ పొంది అది పౌరహక్కుల రక్షణ చట్టమైనది. 1948 నాటి కర్మాగారముల చట్టము, 1952 నాటి గనుల చట్టము 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీనులు పెట్టించుటకు దారి చేసినవి. బోర్డులు దిగినవి. గ్లాసులు కలియుటకు మాత్రము చాల కాలము పట్టినది. కొన్ని పల్లెలలో రెండు గ్లాసుల మాట తరువాతి దశాబ్దములలో సైతము వినవలసి వచ్చినది.

మళ్ళీ మన బాట మీదికి వద్దాము. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మము జిల్లా ఏర్పడినది. గోదావరికి ఆవలనున్న భద్రాచలము 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చి ఇందులో చేరినది. 1965లో గోదావరి మీద వంతెన తెరిచినారు. అంతకు పూర్వము యాత్రికునికి రేవు, పడవ, నిరీక్షణ. వంతెన వచ్చిన తరువాత బస్సు, లారీ. బస్తరు అడవులనుండి కుంట, చింతూరుల మీదుగా లారీలు దిగినవి. పాల్వంచలో విద్యుత్కేంద్రము, సారపాకలో కాగితపు కర్మాగారము వచ్చినవి. లారీ డ్రైవరు వెంట ధాబా వచ్చినది. 2014లో రాష్ట్రవిభజన నాడు భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచి, దాని చుట్టునున్న మండలములు ఆంధ్రప్రదేశములో కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరే జిల్లా అయినది. సరిహద్దులు ఎన్నిమార్లు జరిగినా పొయ్యిలు జరుగలేదు. పట్టణము దాటిన కొద్దిసేపటికే రాష్ట్రము మారుతుంది. పులుసు రుచి మారదు.

ఆ పులుసులోని చింతపండు ఎక్కడిది? ఇక్కడనే ఈ కథలో మనము తరచు మరచిపోయే మనిషి వస్తాడు. ఆ చింతపండు అడవినుండి కోయలు, కొండరెడ్లు మోసుకొని సంతకు తెచ్చినది. తేనె, కుంకుడుకాయ, చీపుళ్ళు, ఇప్పపువ్వు వారు తెచ్చినవే. పట్నవాసులు పెండ్లిళ్ళలోను హోటళ్ళలోను భోజనము చేసిన అడ్డాకు, మోదుగాకు విస్తళ్ళు ఆ అడవుల ఆకులే. చాలకాలము సంతలో వీటికి బదులు దొరికినది ఉప్పు, కాస్త గుడ్డ, కొలతలో మోసము. దళారుల బెడద తగ్గించుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. హైమన్‌డార్ఫ్ అనే పండితుడు పాపికొండల కొండరెడ్ల జీవితమును పరిశీలించి 1945లో ఒక గ్రంథము ప్రకటించినాడు. పోడు పంట ఇంకను చేతికి రాని నెలలలో వారు జీలుగు చెట్టు బోదెనుండి తీసిన పిండితో, మామిడి టెంకలోని జీడితో కాచిన అంబలితో కడుపు నింపుకొనేవారు. ఆనాడు పట్నము వారికి అది తిండిగానే తోచలేదు.

కాలము తిరిగినది. జొన్న, సామ, కొర్ర ఇప్పుడు వైద్యులు వ్రాసి ఇచ్చే ఆహారములు. కుండ లేనిచోట అడవిలో వెదురుగొట్టమునే కుండగా చేసుకొన్న కొండవారి ఉపాయము “బొంగు చికెన్” అనే పేరుతో మారేడుమిల్లి నుండి భద్రాచలము దాకా యాత్రికులను ఆకర్షిస్తున్నది. మసాలా పట్టించిన మాంసమును పచ్చి వెదురులో కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద త్రిప్పుతూ కాలుస్తారు. నూనె అవసరము లేదు. వెదురులోని తడియే దానిని ఉడికిస్తుంది. భద్రాచలము ప్రాంతపు ఆదివాసి మహిళలు సంఘములుగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు, చిరుధాన్యపు బిస్కట్లు చేసి అమ్ముతున్నారు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటినుండి వచ్చిన వరుసలో వీరిదే కడపటి పీట. ఆ పీట మీద వీరు అమ్మేవారుగా కూర్చొన్నారు. కొనేవారుగా కూర్చొనుట మాట ఏమి?

కొన్ని ఏండ్ల క్రిందట శ్రీరామనవమి ప్రసారపు పని మీద భద్రాచలము వెళ్ళుతూ దారిలో ఒక చిన్న హోటలు ముందు మేము ఆగినాము. లోపల నాలుగు బల్లలు. ఒకదాని ముందు యాత్రికుల కుటుంబము, ఒకదాని ముందు గని పని ముగించుకొని వచ్చిన యువకులు, ఒకదాని ముందు పంజాబు లారీ డ్రైవరు. నాలుగవది మాది, అందులోను రెండు కుర్చీలు ఖాళీ. వెలుపల వేపచెట్టు మొదట రాతి మీద ఒక కోయ వృద్ధుడు కూర్చొని ఇడ్లీ తింటున్నాడు. డబ్బు ముందే ఇచ్చినాడు. హోటలు యజమాని మంచివాడు. “లోపల కుర్చీలున్నవి, రా తాతా” అని రెండుసార్లు పిలిచినాడు. వృద్ధుడు తల అడ్డముగా ఊపి, “ఈడనే మంచిగున్నది” అన్నాడు. నేను వెళ్ళి పిలిచినా అదే మాట. ఆయనతో వచ్చిన మనుమడు, పది పన్నెండేండ్ల వాడు, తాతవైపు ఒకసారి, లోపలివైపు ఒకసారి చూచినాడు. తరువాత తన విస్తరి తీసుకొని వచ్చి మా బల్ల దగ్గర ఖాళీ కుర్చీలో కూర్చొన్నాడు. సాంబారు ఇంకొంచెము కావలెనని అడిగినాడు. తెచ్చి పోసినారు.

ఆ వృద్ధుని ఎవరును బయట కూర్చొమ్మనలేదు. ఆయన తండ్రికి, తాతకు ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినవారు పోయినారు, మాట మిగిలినది. చట్టము తలుపు తెరువగలదు. లోపలికి రావలెననిపించుటకు ఒక తరము పట్టవచ్చును.

ఈనాడు సామాన్యునికి చౌకగా భోజనము పెట్టవలెనని ప్రభుత్వములు కూడ పూనుకొన్నవి. హైదరాబాదులో 2014లో అయిదు రూపాయల భోజనము ఆరంభమైనది. ఆంధ్రప్రదేశములో 2018లో అన్న క్యాంటీనులు వచ్చి, 2019లో మూతపడి, 2024లో తిరిగి తెరుచుకొన్నవి. ఊరికే పెట్టక అయిదు రూపాయలు ఎందుకు తీసుకోవలెనని కొందరు ప్రశ్నిస్తారు. సత్రమునకు, పూటకూళ్ళ ఇంటికి గల భేదము తెలిసినవారు అట్లా అడుగరు. ఆ అయిదు రూపాయలు అన్నపు వెల కానేకావు. అవి చేతిలో ఉన్నవాడు వరుసలో తలయెత్తి నిలుచుంటాడు, ఉప్పు తక్కువైతే తక్కువైనదని చెబుతాడు.

ఈసారి భద్రాచలము వెళ్ళేవారు స్వామి దర్శనము చేసుకొని, ప్రసాదము పుచ్చుకొని తిరిగి వచ్చేటప్పుడు బాట ప్రక్కన ఏదో ఒక చిన్న హోటలులో ఆగండి. మీకు తెలియని వంటకము ఒకటి అడిగి తినండి. బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే, వెలుపల ఎవరైన నిలుచుని ఉన్నారేమో చూచి, కొంచెము జరిగి చోటివ్వండి.